జాడీల్లో పెట్టిన పనితనం

మా హేచరీ ముందుగదిలో గోడనిండా డైరెక్టర్ నిరంజనరావు గారి సీవీ వేలాడుతూ ఉండేది. మొత్తం పదకొండు పేజీలు, పేజీకొక అద్దం. వాటిని రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడవడం నా ఉద్యోగంలో మొదటి పని. నేను చదివింది అయిదో తరగతే అయినా, పద్నాలుగేళ్లు తుడిచాక ఏ కాగితమైనా నోటికి వచ్చేస్తుంది. ఆయన మూడు దేశాల్లో పరిశోధన చేశాడట. రొయ్యలకు రెండు జబ్బులు కనిపెట్టాడట. ఒకదానికి మందు కూడా కనిపెట్టాడు, రెండోదానికి తీరిక చిక్కలేదు కాబోలు. నీళ్లలో చెయ్యి పెట్టినట్టు మాత్రం ఆ పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు. రొయ్యపిల్లలను పుట్టించి పెంచి అమ్మే కంపెనీకి యజమాని, చెయ్యి తడవకుండానే అరవై ఏళ్లు గడిపేశాడు. అది కూడా ఒక విద్యే.

నా పేరు చెంచయ్య. కావలికి తూర్పున, సముద్రం ఒడ్డునున్న ఆ హేచరీలో ల్యాబు అటెండరుగా పని చేశాను. ఇప్పుడు చెప్పబోయేది జరిగింది జరిగినట్టే చెబుతాను. మీరు నమ్మరేమో అనిపించిన చోట కాస్త తగ్గించి చెబుతాను.

ల్యాబులో అసలు పని చేసేది వసుమతి. ట్యాంకులోంచి దోసెడు నీళ్లు తీసి, అందులో ఈదే రొయ్యపిల్లలు అరచేతికి తగిలే తీరునుబట్టి, ఈ ట్యాంకు బతుకుతుంది, ఇది వారంలో పోతుంది అని చెప్పేది. మైక్రోస్కోపు రెండు రోజుల తరువాత అదే మాట చెప్పేది. ఆమె భర్త విశాఖ రేవులో క్రేను నడుపుతాడు. ఆరేళ్ల కూతురు అక్కడే నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. ఆ పిల్ల నాయనమ్మను అమ్మా అని, కన్నతల్లిని ఫోనులో 'కావలి అమ్మా' అని పిలుస్తుంది. ఆ పిలుపు విన్న రోజు వసుమతి మధ్యాహ్నం అన్నం తినేది కాదు.

మరి ఉద్యోగం మానేసి పోవచ్చు కదా అంటారు. చేరిన రోజునే ఆమె డిగ్రీ సర్టిఫికెట్ల అసలు కాగితాలు తీసుకుని నిరంజనరావు బీరువాలో పెట్టేశాడు. అది ఆయన ఆచారం. 'భద్రంగా ఉంటాయమ్మా' అన్నాడట. భద్రంగానే ఉన్నాయి, ఆమె చేతికి మాత్రం అందవు.

ఒక రోజు వసుమతి రాగితొట్టి ఒకటి బల్లమీద పెట్టింది. దానినిండా ఉప్పుజిగురు. పక్కన తీగలు, ఆ పక్కన అచ్చుయంత్రం.

"తాతా, నీ చెయ్యి కావాల" అంది.

"నా చెయ్యి నలభై ఆరేళ్ల కిందటే మా ఇంటిది పోలేరమ్మ పట్టుకునేసిందమ్మా."

"పది నిమిషాలు అడిగి తెచ్చుకో. వల అల్లేది నీకు బాగా వచ్చు గదా. చేతికొచ్చిన పని చేతిలో యాడుంటదో చూద్దాం. ఆ గుర్తులు దొరికితే, కొత్తగా చేరినోళ్లకి ఏండ్లు పట్టే పని ఒక్క పూటలో నేర్పచ్చు."

మణికట్టు దాకా చెయ్యి ముంచాను. జిగురు గోరువెచ్చగా ఉంది. కాసేపటికి నా వేళ్లు నన్నడగకుండానే కదలడం మొదలుపెట్టాయి. దారం లేదు, కండె లేదు, అయినా ముడి తరువాత ముడి వేసుకుంటూ పోయాయి. పక్కన యంత్రం టకటకా కాగితం కక్కింది. 'చెంచయ్య. వల అల్లిక, యాభై రెండేళ్లు. వేసిన ముడులు ఒక కోటీ పద్నాలుగు లక్షలు. తప్పు ముడులు తొమ్మిది వందల ఆరు.' ఆ తప్పుల్లో సగం నా పెళ్లయిన ఏడాదివే అని కూడా రాసింది. అంత నిజమైన సీవీ భూమ్మీద అదే మొదటిది. తొట్టిలో జిగురు పాలలాగా తెల్లబడింది. వసుమతి దాన్ని ఒక జాడీలోకి ఎత్తి నా పేరు అంటించింది.

నేను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, రాజుగారి దగ్గర బిరుదు పొందినవాడిలాగా ఇంటికి పోయాను. సాయంత్రం చిరిగిన వల ముందేసుకుని కూర్చున్నాను. కండె పట్టుకున్నాను. దాన్ని ఎటు తిప్పాలో తెలియలేదు. దారం ఎక్కడ దూరాలో తెలియలేదు. ఎనిమిదో ఏట మా నాయన పక్కన కూర్చున్నప్పుడు ఎట్లా ఉన్నానో అట్లా ఉన్నాను, పక్కన నాయన లేడు, అంతే తేడా.

పోలేరమ్మ చూసి చూసి అడిగింది. "ఏందయ్యా, వలకేసి పెళ్లికూతుర్ని చూసినట్టు చూస్తా ఉండావు?"

"రావడంలేదుమే."

"ఏంది రావడంలేదు?"

జేబులోంచి కాగితం తీసి చూపించాను. కోటీ పద్నాలుగు లక్షల ముడులని చదివి వినిపించాను.

"బాగుంది. రేపు ఆ కాయితం పట్టుకోని సముద్రంలోకి పో. చేపలొచ్చి చదువుకోని, మెచ్చుకోని, పడవలోకి ఎక్కుతాయి" అంది. తరువాత నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసింది. పోలేరమ్మ అట్లా నా చెయ్యి పట్టుకోవడం నేను అంతకుముందు ఒక్కసారే చూశాను, మా పెద్దోడు పోయినప్పుడు.

మర్నాడు వసుమతి నా చేతికి కండె ఇచ్చి చూసి, తొట్టిని బల్లమీద నుంచి దించేసింది. "చదివేటప్పుడు గుర్తులు చెరిగిపోతా ఉండాయి తాతా. నేను చదవలా, పీకేశా. దీన్ని ఆపేస్తా. నీది నీకు తిరిగిచ్చే దారి దొరికేదాకా ఇంకెవురి చెయ్యీ ఇందులో పెట్టను."

ఆ మాట తలుపు దగ్గర నిలబడి నిరంజనరావు విన్నాడు. మంచి మాట ఆయన చెవిన పడితే చెడిపోయి గానీ బయటికి రాదు.

"ఆపుతావా? ఇది అచ్చేసిన సీవీలో ఒక్క అబద్ధం ఉందా? లేదు. ఇట్టాంటి సీవీ కోసం కంపెనీలన్నీ కాచుకోనుండాయి. పైగా పనితనం మన జాడీలో మిగిలిపోతుంది. నా దగ్గర నేర్చుకుని, పక్క హేచరీకి మోసుకుపోవడం ఇంక కుదరదు."

"మా నాయన దగ్గర నేర్చుకున్నా సార్" అన్నాను నేను.

"ఎన్నో ఏట?"

"ఎనిమిదో ఏట."

"అప్పటికి మన కంపెనీ పెట్టలేదు. అది నా తప్పా?" అన్నాడు.

ఆ నెల నుంచి రూలు వచ్చింది. ఎవరు మానేసినా తొట్టిలో చెయ్యి పెట్టాలి. పెడితేనే సర్టిఫికెట్లు, పెడితేనే అనుభవపత్రం. నిరంజనరావు కుర్చీలో వెనక్కి వాలి, "చెయ్యి పెట్టు!" అని కసిరేవాడు. యంత్రం మీట నొక్కనని వసుమతి మొరాయిస్తే, తానే నొక్కేవాడు. నొక్కడం ఒక్కటే ఆయనకు చేతనైన పని, అది మాత్రం బాగా చేతనవును. అయిదు నెలల్లో పదకొండు మంది మానేశారు. నా జాడీతో కలిపి అలమరలో పన్నెండు జాడీలు చేరాయి.

ట్యాంకులు చూసే కోటయ్య సీవీ చదివి తీరం వెంట ఉన్న హేచరీలన్నీ అతని కోసం పోట్లాడుకున్నాయి. అంత మంచి కాగితం ఎవరూ చూసి ఉండలేదు. గెలిచినవాళ్లు కోటయ్యను కారులో తీసుకుపోయి ట్యాంకులు అప్పగించారు. మొదటి రోజే నీళ్లకు కలపాల్సిన ఉప్పెంతో చెయ్యి చెప్పలేదు. సాయంత్రానికి నాలుగు ట్యాంకుల పిల్లలు అడుగున పేరుకున్నాయి. కోటయ్య తిరిగొచ్చి మా గేటు దగ్గర మూటలు మోసే కూలీగా చేరాడు. "సీవీ ఇంకా ఉందా?" అని అడిగితే, "ఉంది చెంచన్నా, లామినేషన్ చేపించా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఇద్దరం బీడీ ముట్టించాం.

ఇంతలో వసుమతికి విశాఖలోని ఒక చేపల పరిశోధనశాల నుంచి పిలుపు వచ్చింది. సోమవారం పొద్దున ఇంటర్వ్యూ. సీవీ, అనుభవపత్రం, అసలు సర్టిఫికెట్లు తెచ్చుకోమన్నారు. ఆమె నిరంజనరావు దగ్గరికి పోయింది.

"దానికేం, శుభ్రంగా పో. చెయ్యి పెట్టు, ఫైలు పట్టుకెళ్లు" అన్నాడు.

"చెయ్యి పెడితే నాకేం మిగల్దు సార్."

"సీవీ మిగులుతుంది గదా! అంత మంచి సీవీ నాకు కూడా లేదు." అది ఒక్కటే ఆయన జీవితంలో చెప్పిన నిజం, అదీ తెలియకుండా చెప్పాడు.

ఆ మధ్యాహ్నం మేతబస్తాల గదిలో కూర్చుని ఆమె సీవీ చేత్తో రాసుకుంది. రాసి నా చేతికిచ్చింది. నాలుగు పేజీలు. మొదటి పేజీలో ఆమె పేరు ఒకసారి ఉంది, నిరంజనరావు పేరు తొమ్మిది సార్లు ఉంది.

"అమ్మా, ఉద్యోగం నీకు కావాల్నా, ఆయనకా?"

"ఎందుకు తాతా?"

"కాయితం నిండా ఆయనే ఉండాడు. ఇది సీవీ కాదు, పోలీసు స్టేషన్లో ఇచ్చే ఫిర్యాదు. చదివినోళ్లకి ఆయన ఎట్టాంటోడో తెలుస్తుంది, నువ్వెవురో తెలీదు."

"మరి జరిగింది చెప్పొద్దా? ఆరేండ్లు నన్ను బానిసలాగా చూశాడు. నేను కనిపెట్టిన దానికి వాడి పేరు పెట్టుకున్నాడు."

"చెప్పు. వాళ్లడిగినప్పుడు, అడిగినంతే చెప్పు. కాయితం మీద మాత్రం నువ్వు చేసిన పని రాయి, చేస్తే ఏమైందో రాయి. చెంచయ్య వల అల్లాడని రాస్తే ఎవురిక్కావాల? ఆ వలలో చేప పడిందని రాస్తే అప్పుడు చదువుతారు."

ఆమె మొదటి పేజీ చించేసింది. తరువాత రెండోది. 'శ్రద్ధగా, అంకితభావంతో' అని ఒక చోట రాసుకుంది. అదెవరు రాయరని అడిగాను. నిరంజనరావు పదకొండు పేజీల్లో అది పదిహేడు సార్లు ఉంది మరి. దాన్ని కొట్టేసింది. చివరికి ఒక్క పేజీ మిగిలింది. ఎన్ని ట్యాంకులు చూసింది, వందకు ఎన్ని పిల్లలు బతికించింది, ఏ జబ్బును ఎన్ని రోజుల ముందు పట్టింది, ఎందరికి పని నేర్పింది. కొత్త యంత్రం ఒకటి తయారుచేశాననీ, దానిలో తాను చేసిన తప్పు ఏమిటో, దిద్దడానికి ఏం చేస్తున్నదో రెండు వాక్యాలు రాసింది.

"తప్పు కూడా రాస్తారా అమ్మా?"

"నీ చెయ్యి చూసినాక రాయకుండా ఎట్టా తాతా."

ఉద్యోగం ఎందుకు మారుతున్నారన్న చోట ఒకే ముక్క పెట్టింది. 'నా కుటుంబం విశాఖలో ఉంది.' అందులో నిరంజనరావు లేడు. అంతకన్నా పెద్ద తిట్టు ఆ మనిషికి ఎవరూ పెట్టి ఉండరు.

శుక్రవారం ఆమెకు దారి దొరికింది. తీగలు తిరగేస్తే జాడీలోని పనితనం చేతిలోకి ఎక్కుతుంది. ఆ సంగతి చెప్పి, ముందు నాకూ కోటయ్యకూ తిరిగిస్తానని అడిగింది.

"తిరిగిస్తావా? కంపెనీ ఆస్తి పంచిపెడతావా? చేతిలోకి ఎక్కేదైతే నా చేతిలోకి ఎక్కించు. పన్నెండూ. రేపు చెన్నై నుంచి పెట్టుబడి పెట్టేవాళ్లు ఇద్దరు వస్తున్నారు. పన్నెండు మంది పని ఒక్కణ్నే చేసి చూపిస్తా. తరువాత మీరెవరూ నాకక్కర్లేదు."

"సార్, నేర్చుకున్నప్పుడు చేతికి ఏం జరిగిందో అది కూడా వెంట వస్తుంది. పని ఒక్కటే విడిగా రాదు. నాకు కొంచెం టైమివ్వండి."

"నీ సర్టిఫికెట్లు కావాలా వద్దా?"

శనివారం పొద్దున తొమ్మిదింటికి ఆయన పట్టుచొక్కా చెయ్యి పైకి మడిచి తొట్టిలో పెట్టాడు. పన్నెండు జాడీలూ ఒకటి తరువాత ఒకటి ఖాళీ అయ్యాయి. చెన్నైవాళ్లు వచ్చేసరికి నిరంజనరావు నాలుగు చేతులున్నవాడిలాగా ఉన్నాడు. గిన్నెడు పిల్లల్ని చూపుతో లెక్క కట్టాడు. సంచుల్లోకి నీళ్లు, పిల్లలు, గాలి నింపి రెప్పపాటులో మూతి కట్టాడు. మూలన పడున్న నా వల తీసుకుని ఆడుతూ పాడుతూ పది వరసలు అల్లేశాడు. నా వేళ్ల ఒడుపు, మా నాయన చేతి వాటం, ఆ లావుపాటి ఉంగరాల వేళ్లలో ఆడుతుంటే నేను గోడవైపు తిరిగాను.

చెన్నైవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆయన ఛాతీ విరుచుకుని, అలవాటుగా అరిచాడు.

"చెంచయ్యా! అతిథులకు కాఫీ!"

నేను కదలకముందే ఆయన నడుము వంగిపోయింది. చేతులు కట్టుకున్నాడు. "వస్తండా సార్, ఇప్పుడే తెస్తండా సార్" అని గొణుగుతూ వంటగదిలోకి పరుగెత్తాడు.

మా అందరికీ ఒక్క నిమిషం అర్థం కాలేదు. తరువాత అర్థమైంది. ఆ పన్నెండు జతల చేతులూ ఏళ్ల తరబడి ఆ గొంతు వినగానే ఉలిక్కిపడి పరుగెత్తాయి. పనీ ఉలికిపాటూ ఒకే జాడీలో పడ్డాయి. ఇప్పుడు ఆ గొంతూ, ఆ ఉలికిపాటూ ఒకే మనిషిలో ఉన్నాయి.

ఆయన ట్రేతో తిరిగొచ్చాడు. ముఖం ఎర్రబడింది. "ఏంటి నవ్వుతున్నారు? పొయ్యి ట్యాంకులు కడగండి!" అన్నాడు. అని, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, చీపురు పట్టుకుని, మూడో ట్యాంకులోకి దిగాడు. అరవై ఏళ్లకు ఆయన మోకాళ్ల దాకా తడిశాడు. లోపలి నుంచి కోపంగా ఇంకో ఆజ్ఞ, ఆ వెంటనే వినయంగా "చిత్తం సార్", మళ్లీ ఆజ్ఞ, మళ్లీ చిత్తం. అరగంటలో హేచరీ అద్దంలాగా మెరిసింది.

చెన్నైవాళ్లలో పెద్దాయన వసుమతిని యజమానురాలనుకున్నాడు. "మేడమ్, మెషీను సంగతి తరువాత చూద్దాం. ఈ పనివాణ్ని మాకిస్తారా? నోరు కొంచెం పెద్దది గానీ, పని మాత్రం అద్భుతం" అన్నాడు.

వసుమతి నవ్వలేదు. నిరంజనరావు ఎదుటికి పోయి నిలబడింది. "సార్, నా సర్టిఫికెట్లు."

"సర్టిఫికెట్లా? తాళం నా జేబులో ఉంది. దమ్ముంటే బీరువా తెరువు! తెరిచి ఇవ్వు చూద్దాం!" అని కేక వేశాడు. వేసినవాడే తాళం తీసి, బీరువా తెరిచి, ఫైలు రెండు చేతులతో తెచ్చి ఇచ్చాడు. అనుభవపత్రం ముందే టైపు చేసి ఆమె చేతిలో ఉంది. దాన్ని చూడగానే ఆయన కుడిచెయ్యి దానంతటదే కింద సంతకం గీసేసింది. ఆ సంతకం కూడా ఆయనది కాదు. పదేళ్లపాటు ఆయన పేరుతో సంతకాలు చేసింది, ఈమధ్యే మానేసిన గుమాస్తా మస్తానయ్య, అతనిదీ ఒక జాడీ.

ఫైలు చేతికొచ్చింది. ఆమె రైలు నాలుగింటికి. సంచి గేటు దగ్గరే ఉంది. నేను పొమ్మని సైగ చేశాను. ఆమె సంచి వైపు చూసింది, నా చేతుల వైపు చూసింది, తీగలు మళ్లీ తిరగేసింది.

"ఆయన పెట్టడమ్మా చెయ్యి" అన్నాను.

అప్పుడే గుమ్మంలో కోటయ్య కనపడ్డాడు. నిరంజనరావుకు అతన్ని చూస్తే ఊరుకోవడం తెలియదు. "ఏరా, నువ్వెందుకొచ్చావు? మళ్లీ చెయ్యి పెట్టు తొట్టిలో!" అన్నాడు. ఆయన చెయ్యి పోయి తొట్టిలో పడింది.

రెండు గంటల సేపు యంత్రం కాగితాలు కక్కింది. పన్నెండు మందివీ పన్నెండు. ఆఖరున ఆయనదంటూ ఒకటి వచ్చింది, అర అంగుళం ముక్క. 'నిరంజనరావు. కాలింగ్ బెల్లు నొక్కుట, నాలుగు లక్షల సార్లు.' ఆ పని కూడా జాడీలోకి వచ్చేసింది. ఎవరికి కావాలో తెలియక దాన్ని కాలువలో పోశాం. ఆయన తన గదిలోకి పోయి బెల్లువైపు చూస్తూ కూర్చున్నాడు.

నాకూ, కోటయ్యకూ, కబురందుకుని వచ్చిన మస్తానయ్యకూ వసుమతే ఎక్కించింది. మిగిలినవాళ్లకు ఎట్లా ఎక్కించాలో నాకు నేర్పి, రైలుకు పరుగెత్తింది. ఆ వారంలో తొమ్మిది మందినీ పిలిపించి ఇచ్చాను. అయితే రెండుసార్లు తొట్టిలో మునిగిన పనితనం కొంత అరిగింది. ఇప్పుడు నేను వల అల్లితే పదింట ఒక ముడి వదులుగా పడుతుంది. పోలేరమ్మ నా వెనకే కూర్చుని, తిట్టుకుంటూ ఆ ముడి బిగిస్తూ వస్తుంది. నేను మాత్రం పదింట రెండు వదులుగా వేస్తున్నాను. ఆమె పక్కన కూర్చుంటే బాగుంది.

ఇంటర్వ్యూ సంగతి వసుమతి ఫోనులో చెప్పింది. ముగ్గురు పెద్దలు ఆమె ఒక్క పేజీ సీవీ చదివారట. తప్పు గురించి రాసిన రెండు వాక్యాల దగ్గర ఆగి, దానిమీదే గంటసేపు అడిగారట. పాత యజమాని ఎట్లాంటివాడంటే, "చాలా పనులు చేతులారా చేస్తారు" అందట. తరువాత తమ ల్యాబు చూపించారు. వాళ్లు గర్వంగా పెంచుకుంటున్న కొత్తరకం పిల్లల ట్యాంకు దగ్గరికి తీసుకుపోయి, ఎట్లా ఉందన్నారు. ఆమె దోసెడు నీళ్లు తీసుకుంది. అరచెయ్యి కాసేపు అట్లాగే పట్టుకుని, "ఇది పారబోయండి. పక్క ట్యాంకులకి అంటకముందే" అంది.

ముగ్గురి ముఖాలూ మాడిపోయాయి. మళ్లీ ఫోను చేస్తామన్నారు. అంటే చెయ్యరని అందరికీ తెలుసు. ఆమె ఇంటికి పోయి కూతురికి జడ వేస్తూ కూర్చుంది. ఆ పిల్ల ఇంకా 'కావలి అమ్మా' అనే పిలుస్తోందట.

ఆరో రోజు ఫోను మోగింది. ఆ ముగ్గురిలో పెద్దాయన. గొంతు దిగిపోయి ఉందట.

"అమ్మా, మీరు చెప్పినట్టే అయింది. ఎప్పుడు చేరగలరు?"

"ఆ ట్యాంకు పారబోశారా?"

"లేదమ్మా. రేపు పారబోస్తాం."

"అయితే రేపు రాను. ఇప్పుడే వస్తా ఉండా" అని, సగం వేసిన జడ నాయనమ్మకు అప్పజెప్పి, చెప్పులేసుకుంది.